గ్రైండరు కుసుమకుమారిది, బిల్లు చలమయ్యది

గాజువాకలో కుసుమకుమారి వంటింట్లో ఒక గ్రైండరు ఉండేది. పప్పు నలిగాక రెండు చేతులూ తొట్టిలో పెట్టి, జారిపోయే గుండ్రాయిని పొట్టకు ఆనించుకుని పైకి తీసి, పళ్ళెంలో దించి, పిండి తోడుకుని, కడిగి, మళ్ళీ ఎత్తి లోపల పెట్టాలి. పెళ్ళయిన కొత్తలో కొన్న యంత్రం అది. పిల్లల్ని కడుపున మోస్తూ ఆ రాయి ఎత్తింది. ఆపరేషన్ కుట్లు మానకముందే ఎత్తింది. చివరికి ఆవిడ కుడి మణికట్టు తలుపు గొళ్ళెం తియ్యడానికి కూడా ఒప్పుకోని స్థితికి వచ్చింది. “బరువులెత్తకండమ్మా” అని డాక్టరు చెప్పాడు. “ఇంకేటి, రేపట్నుంచి మా ఆవిడ మహారాణీ” అని మొగుడంటే ఇంట్లో అందరూ నవ్వారు. మర్నాడు పప్పు నానింది, రాయి లేచింది. 

ఇంటికొచ్చిన చుట్టాలు ఆవిడ పోసిన అట్లు తిని గ్రైండరును మెచ్చుకునేవాళ్ళు. ఆ మెప్పు నేరుగా చలమయ్యకు చేరేది, ఎందుకంటే దాన్ని ఎంచింది ఆయన.

చలమయ్య ఎవరంటే, కుసుమకుమారి భర్త తవిటయ్యకు అక్క మొగుడు. స్టీల్ ప్లాంటులో మెకానికల్ పని చేసి రిటైరయ్యాడు. రిటైరయింది ఉద్యోగం నుంచే, పెత్తనం నుంచి కాదు. సీలింగు ఫ్యాను దగ్గర్నుంచి మోటారు సైకిలు దాకా ఆ కుటుంబంలో ఏది కొనాలన్నా ఆయన వచ్చి చూడాలి. చూడటమంటే, ముందు వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి, తల పక్కకు వంచి శబ్దం వింటాడు. తర్వాత ఒక మూల పట్టుకుని కాస్త ఎత్తి దించుతాడు. బరువనిపిస్తే తల ఊపుతాడు, తేలికనిపిస్తే పెదవి విరుస్తాడు. “బరువుంటేనే సరుకు బావా” అంటాడు. ఆయన శాస్త్రమంతా ఆ ఒక్క ముక్కే. టన్నుల లెక్కన ఇనుము చూసిన కంటికి కిలోల్లో ఉన్నదేదీ ఆనదు. కొన్నదాన్ని తర్వాత రోజూ ఎవరు ఎత్తాలి, ఎవరు తోమాలి అన్న ప్రశ్న ఆ శాస్త్రంలో లేదు. ఆ మహానుభావుడు తన జన్మలో గరిటెడు పిండి రుబ్బిన పాపాన పోలేదు.

తవిటయ్య పోర్టులో కాంట్రాక్టు కింద క్రేను నడుపుతాడు. చాలా మంచివాడని పేరు. ఎవరి మాటకూ అడ్డు చెప్పని మగవాణ్ణి మన ఊళ్ళలో మంచివాడనే అంటారు. ఆ మంచితనం ఖర్చు ఎవరి మణికట్టు మీద పడిందో ఎవరూ అడగరు.

ఇలా ఉండగా, ఒక వేసవిలో కుసుమకుమారి చెల్లెలు మధులత అక్కను చూడటానికి వచ్చింది. ఆమెను ఏలూరు జిల్లాలో కామవరపుకోట వైపు ఇచ్చారు. వస్తూ వస్తూ ఒక గుడ్డసంచి మోసుకొచ్చింది.

“ఒలే మధూ, ఇవేటే? సింతపిక్కల్లా ఉన్నాయి?”

“కోకో గింజలక్కా. మా కొబ్బరిసెట్ల కింద కాసినవే. పులబెట్టి, ఎండబెట్టి, సంచులు కట్టి బండికెత్తీడమే గానీ, దీంతో సేసిన సాక్లెట్టు ఏ రుసిగుంటాదో మాకు తెల్దు. పిల్లలకి కొట్లోదే కొంటాం.”

పండించినవాడు తన పంట రుచి తెలుసుకోవాలంటే కొట్టుకెళ్ళి రంగుకాగితం విప్పాలి. విప్పితే అందులో ఉండేది సగం పంచదార, ముప్పాతిక నూనె. లెక్క కుదరలేదంటారా? ఆ వ్యాపారంలో లెక్కలు అలాగే ఉంటాయి.

“నువ్వు జంతికలూ సున్నుండలూ సేసి కాలనీ అంతటికీ అమ్ముతన్నావు కదా,” అంది మధులత. “ఇది కూడా సేసి పెట్టక్కా. ఓపాలి తిని సూద్దాం.”

“నాకేటి తెలుసే సాక్లెట్టు గురించి?”

“రుబ్బడమేనంటక్కా. రుబ్బడం నీకు తెల్దేటి?”

చెల్లెలు వెళ్ళాక కుసుమకుమారి గింజల్ని మూకుట్లో సన్నసెగ మీద వేయించింది. వీధి మొగదాకా వాసన పోయింది. పై పొట్టు నలిపి, చేటలో చెరిగి, పలుకుల్ని మిక్సీలో వేసింది. మిక్సీ వాటిని పొడి చేసింది, ఆ పొడిని తడిమన్నులా చేసింది, ఆ తర్వాత కాలిన వాసన వేసి ఆగిపోయింది. నాలిక మీద వేసుకుంటే యారాడ సముద్రపొడ్డు ఇసక తిన్నట్టుంది. మిగిలిన పలుకులు పెద్ద గ్రైండరులో వేసింది. అంత తొట్టిలో ఆ గుప్పెడు సరుకు గోడకు అతుక్కుని కూచుంది, రాయి ఒట్టినే తిరిగింది. పైగా రాతిలో దాగిన నిన్నటి పిండి పులుపు అందులోకి దిగింది.

అప్పుడు ఫోనులో వీడియోలు చూడటం మొదలెట్టింది. ఇళ్ళలో చాక్లెట్టు చేసుకునేవాళ్ళంతా బల్ల మీద పెట్టుకునే చిన్న గ్రైండరే వాడుతున్నారు. చిన్న తొట్టి, అందులో దొర్లే రెండు రాళ్ళు, ఆ రాళ్ళ ఒత్తిడి కొంచెం కొంచెంగా పెంచుకునే మర. ఇవాళ పొద్దున్న వేస్తే రేపు పొద్దుటిదాకా ఆగకుండా తిరగాలి. ఇడ్లీపిండి కోసం చేసిన మామూలు మోటారు అంతసేపు ఓర్చుకోలేదు, వేడెక్కి చస్తుంది. కాబట్టి ఎక్కువసేపు తిరగడానికే చేసిన మోటారు ఉన్నది వెతుక్కోవాలి. అన్నిటికంటే ముఖ్యం, లోపల నీటిచుక్క తగలకూడదు. తగిలితే కరిగిన చాక్లెట్టంతా ముద్దకట్టి బిగుసుకుపోతుంది. ఇందులో దేవరహస్యం ఏమీ లేదు. ఫోను ఉన్న ఎవరికైనా దొరికే సంగతే. కుసుమకుమారికి అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. ఆ తొట్టి ఒక్క చేత్తో వస్తుంది.

జంతికల డబ్బు దాచుకున్నది ఉంది. తన డబ్బుతో తను వాడే యంత్రం తను ఎంచి కొనుక్కోవాలి. ఆవిడకు కావలసింది అంతే. ఇంత చిన్న కోరిక ఇంత పెద్ద యుద్ధమవుతుందని ఆవిడ అనుకోలేదు.

“గ్రైండరు కొంటానండి,” అంది తవిటయ్యతో. “చిన్నది. నానే సూసుకుని కొంటాను.”

“కొనుక్కో. ఎవులొద్దన్నారు?” అన్నాడు తవిటయ్య. అని, అన్నం కలుపుతూ, “బావకి ఓపాలి సెప్తే సరి,” అన్నాడు.

“మీ బావెందుకండీ? రుబ్బేది నాను కదా?”

“తెలిసినోడే. రేపు తెలిసిందనుకో, నాకు సెప్పలేదేటిరా అంటాడు. బాధపడతాడు.”

మణికట్టు నెప్పి కన్నా బావ బాధ పెద్దది. ఆదివారం చలమయ్య వచ్చాడు. టీ తాగాడు. జంతికలు నమిలాడు. విషయం విని పొట్ట కదిలేలా నవ్వాడు.

“సాక్లెట్టా! రూపాయి పడేస్తే కొట్లో దొరికీదానికి మెషినేటమ్మా?”

“కొట్లోది వేరు అన్నయ్యా. ఇది మన మధూ తోటలోది.”

“సరే, సరదా పడ్డావు. కానీ నువ్వు సూపిస్తన్నావే, ఈ బొమ్మేటి? సిన్నపిల్లలు ఆడుకునీది. దీనికి బరువేదీ?”

“బరువు అక్కర్లేదు అన్నయ్యా. ఆగకుండా తిరగాల. అదీ...”

“కుసుమమ్మా,” అన్నాడు చలమయ్య, అరచెయ్యి ఎత్తి. “నాకు మెషిన్ గురించి నువ్వు సెప్తన్నావా? జీవితమంతా మెషిన్లతో కాపురం సేసినోణ్ణి. ఏం బావా?”

“మరే,” అన్నాడు తవిటయ్య. తవిటయ్య నోటికి బాగా అలవాటైన మాట అదొక్కటే.

ముగ్గురూ షోరూముకు వెళ్ళారు. అద్దాల తలుపు తియ్యగానే సేల్స్ కుర్రాడు పరిగెత్తుకొచ్చి, “రండి సార్, రండి సార్” అని మగవాళ్ళిద్దర్నీ లోపలికి లాక్కుపోయాడు. కుసుమకుమారికి ఒక కుర్చీ చూపించాడు. “మేడమ్, మీరు కూర్చుని కూల్‌డ్రింక్ తాగండి.”

ఆవిడ కూర్చోలేదు. తను అనుకున్న చిన్న గ్రైండరు అరలో ఉంది. వెళ్ళి దాని తొట్టి ఒక్క చేత్తో తీసి, మళ్ళీ పెట్టింది. మణికట్టు ఏమీ అనలేదు. ఆవిణ్ణి ఎవరూ చూడలేదు.

“బాబూ, ఇది ఆపకుండా ఎంతసేపు తిరుగుతాది?”

కుర్రాడు చలమయ్య వైపు తిరిగాడు. “ప్యూర్ కాపర్ వైండింగ్ సార్.”

“ఎంతసేపు తిరుగుతాదని అడిగినాను బాబూ.”

“రెండేళ్ళు వారంటీ సార్,” అన్నాడు తవిటయ్యతో.

ఆవిడ ప్రశ్న, వాళ్ళకు జవాబు. ఈ దేశంలో ఆడవాళ్ళు రుబ్బే యంత్రాల్ని మగవాళ్ళు చేస్తారు, మగవాళ్ళు అమ్ముతారు, మగవాళ్ళు కొంటారు. కూల్‌డ్రింక్ మాత్రం ఆడవాళ్ళకు.

ఈలోగా చలమయ్య వరసగా అన్నిటినీ కణుపుతో కొట్టుకుంటూ పోయి, చివరన ఉన్న హోటలు గ్రైండరు దగ్గర ఆగాడు. ఇనపచట్రం, వంచే తొట్టి, మనిషి నడుము దాకా ఎత్తు. మూల పట్టుకుని ఎత్తబోయాడు. లేవలేదు. ఆయన ముఖం వెలిగిపోయింది.

“ఇదీ సరుకంటే!”

“అన్నయ్యా, గుప్పెడు గింజలు అందులో వేస్తే ఎక్కడుంటాయి? నాకు ఆ సిన్నది...”

“రేపు ఆర్డర్లు వస్తే? పెళ్ళికి అడిగితే? ముందుసూపు ఉండాలమ్మా.”

కుసుమకుమారి భర్త వైపు చూసింది. తవిటయ్య సీలింగులో ఏసీ గాలి ఎటు నుంచి వస్తోందో శ్రద్ధగా చూస్తున్నాడు. దాచుకున్న డబ్బంతా ఆవిడే సంచిలోంచి తీసింది. “ఎవరి పేరు రాయమంటారు సార్?” అని కుర్రాడు అడిగాడు. చలమయ్య తన పేరు చెప్పాడు. అదేమీ దొంగతనమనుకుని చేసింది కాదు, అలవాటు. అందుకే అది మరీ రోత.

యంత్రం ట్రాలీ ఆటోలో వచ్చింది. దాని వెనకే చలమయ్య, కొబ్బరికాయతో వచ్చాడు. విశ్వకర్మ పూజ నాడు ప్లాంట్లలో, వర్క్‌షాపుల్లో యంత్రాలకు దండలు వేసి కొబ్బరికాయ కొట్టడం ఈ ఊరి మర్యాద. చలమయ్య ఆ మర్యాదను ఇళ్ళలోకి కూడా తెచ్చాడు. ఫ్రిజ్జుకు కొట్టాడు, వాషింగ్ మిషనుకు కొట్టాడు, ఇన్వర్టరుకు కూడా కొట్టాడు.

“అన్నయ్యా, దీనికొద్దు,” అంది కుసుమకుమారి అడ్డుపడి. “తడి తగిలితే సాక్లెట్టు బిగుసుకుపోద్ది. బయట మెట్టు మీద కొట్టండి.”

“దేవుడి నీళ్ళమ్మా ఇవి! నా సర్వీసులో ఎన్ని మెషిన్లకి కొట్టలేదు? ఒక్కటి ఆగిందేటి?”

చట్రం అంచున కాయ ఫెడీమని కొట్టి, నీళ్ళు తొట్టిలో, రాళ్ళ చుట్టూ, మధ్య ఇరుసు మీద భక్తిగా పోశాడు. రాళ్ళకు పసుపు నీళ్ళతో బొట్లు పెట్టాడు. కొబ్బరి చెక్క ఒకటి తను తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ పొడిగుడ్డతో తుడిచింది. ఫ్యాను వేసి ఉంచింది. మర్నాడంతా అలాగే వదిలేసింది. తొట్టి నిండాలని సంచిలో ఉన్న గింజలన్నీ వేయించి, వలిచి, పొద్దున్నే వేసింది. కాసేపు బాగానే తిరిగింది. పలుకులు కరిగి నల్లగా మెరిసే ద్రవంగా మారుతుంటే ఆవిడ ప్రాణం లేచొచ్చింది. అంతలో ఇరుసు సందుల్లో, రాళ్ళ అడుగున దాగిన తడి బయటికొచ్చింది. మెరుపు పోయింది. ద్రవం గడ్డలు కట్టింది, గడ్డలు సిమెంటు ముద్దలా బిగిశాయి, బెల్టు కీచుమంది. ఆవిడ స్విచ్చి తీసేసింది. చెల్లెలు తెచ్చిన సంచిలో ఇక ఒక్క గింజ లేదు.

“గింజలు పుచ్చినవి,” అన్నాడు చలమయ్య ఫోనులో, చూడకుండానే.

“పోనీలేవే,” అన్నాడు తవిటయ్య, పోర్టు నుంచి వచ్చి చొక్కా విప్పుతూ. “ఇంత పెద్ద మెషిను. ఇడ్లీపిండికి పనికొస్తాది.”

కుసుమకుమారికి ఇన్నేళ్ళుగా రాని కోపం ఆ మాటకు వచ్చింది.

“ఎవులికి పనికొస్తాది? నాను సాక్లెట్టుకి కొనుక్కున్నాను. నా డబ్బులెట్టి, నాకు అక్కర్లేనిది కొని, దాన్ని నాశినం సేసి, మళ్ళీ నాసేత ఇడ్లీపిండి రుబ్బిస్తారేటి? రేపు షాపుకెల్లి మారుస్తాను.”

“బావ బాధపడ...”

“పడనీ.”

మర్నాడు తవిటయ్య డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఎక్కడ తోడు రమ్మని అడుగుతుందోనని టిఫినైనా తినకుండా వెళ్ళాడు. ఆ సమయానికి యారాడ నుంచి చేపలు తెచ్చి కాలనీలో అమ్మే గంగాలమ్మ బుట్ట ఖాళీ చేసుకుని వీధిలో పోతోంది. విషయం విని బుట్ట కింద పెట్టింది. ఆవిడా, పిలిపించిన ట్రాలీ ఆటో డ్రైవరూ, కుసుమకుమారీ కలిసి, తొట్టిలో బిగిసిన ముద్ద గీకి తుడిచేసి, ఆ ఇనపమృగాన్ని బండిలోకి ఎక్కించారు. “నానూ వత్తాను పద,” అని గంగాలమ్మ బుట్టతో సహా ఎక్కింది.

షోరూములో కుర్రాడికి మేడమ్ గుర్తురాలేదు. యంత్రం గుర్తొచ్చింది. “సార్ రాలేదా?” అన్నాడు.

“రాలేదు. ఇది నాకు సరిపడలేదు బాబూ. మార్సి ఆ సిన్నది ఇయ్యి.”

కుర్రాడు ఓనరును పిలిచాడు. ఓనరు బిల్లు చూశాడు. “ఇది చలమయ్య గారి పేరు మీదుందమ్మా. ఆయన రావాలి. లేకపోతే ఫోన్ చేయించండి.”

“డబ్బులు నావి బాబూ.”

“ఉండొచ్చమ్మా. కస్టమర్ మాత్రం ఆయన.”

ఆవిడ చలమయ్యకు ఫోను చేసింది. “ఆడోళ్ళు షాపులెమ్మట తిరిగి పరువు తీత్తన్నారు,” అని పెట్టేశాడు. తవిటయ్యకు చేసింది. క్రేను మీద ఉన్నవాడు ఫోను ఎత్తలేదు. కింద ఉన్నా ఎత్తేవాడు కాదు.

ఓనరు జాలిగా నవ్వాడు. “కూర్చోండమ్మా. కూల్‌డ్రింక్ తాగి వెళ్ళండి.”

ఈసారి కుసుమకుమారి కూర్చుంది. గ్రైండర్ల వరసకు ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చుంది. పక్కన గంగాలమ్మ బుట్ట దింపుకుని కింద కూర్చుంది. ఏసీ గాలికి చేపల వాసన టీవీల దాకా వెళ్ళింది.

దసరా ఆఫర్ల రోజులు. నల్లకళ్ళద్దాలాయన ఒకడు భార్యతో వచ్చాడు. కుర్రాడు ఆయనకు పెద్ద గ్రైండరు గుణగణాలు చదవడం మొదలెట్టాడు. భార్య వెనకాల నిలబడింది.

“అమ్మా,” అంది కుసుమకుమారి ఆవిడతో. “మీ ఇంట్లో రుబ్బీది నువ్వా, ఆయనా?”

ఆవిడ బెదిరి, “నేనేనండి” అంది.

“అయితే ఆ రాయి నువ్వు ఓపాలి ఎత్తి సూడు తల్లీ. కొన్నాక ఎవులూ ఎత్తరు.”

“హలో, మీరెవరండీ?” అన్నాడు కళ్ళద్దాలాయన.

“నీకెందుకు బాబూ, నువ్వు రుబ్బుతావేటి?” అంది గంగాలమ్మ కింద నుంచి. “కానాగడత సేప కొనీవోడు కూడా మొప్ప ఎత్తి సూసుకుంటాడు. ఇంత బండరాయి ముట్టుకోకుండా ఎలా కొంటారు?”

ఆ భార్య ముందుకొచ్చి రాయి ఎత్తింది. సగంలోనే దింపేసి, “వద్దండీ, నా వల్ల కాదు,” అంది. ఇద్దరూ గొణుక్కుంటూ బయటికి పోయారు. తర్వాత వచ్చిన అత్తాకోడళ్ళకూ అదే ప్రశ్న. వాళ్ళు పెద్దది వదిలి చిన్నది చూపించమన్నారు, అంతేకాదు, ఎంతసేపు తిరుగుతుందో చెప్తే గానీ కదలం అన్నారు. ఆ తర్వాత వచ్చినావిడ మొగుణ్ణే ఆ రాయి ఎత్తి చూపించమంది. ఆయనకు నడుము పట్టింది. షోరూమంతా నవ్వు.

ఓనరు గాజుగదిలోంచి బయటికొచ్చాడు. “ఏంటమ్మా ఈ గొడవ? వ్యాపారం చెడగొడుతున్నారు!”

“గొడవేటి బాబూ? కూల్‌డ్రింక్ తాగుతన్నాను. సార్ రావాలన్నారు, కూకోమన్నారు కదా. కూకున్నాను. రేపు కూడా వత్తాను.”

“నానూ వత్తాను,” అంది గంగాలమ్మ. “రేపు బుట్ట నిండా ఉంటాది.”

చలమయ్య గారు రాకుండా కదలని నియమాలన్నీ ఒక్కసారిగా కదిలాయి. పెద్దది వెనక్కి వెళ్ళింది. చిన్నది అరలోంచి దిగింది. ఇది ఎక్కువసేపు తిరగడానికి చేసిన మోటారేనని ఓనరే స్వయంగా ఆవిడ ముఖం చూసి చెప్పాడు. తేడా సొమ్ము తిరిగివ్వడానికి మాత్రం ప్రాణం ఒప్పక ఒక కుక్కరు అంటగట్టాడు. కొత్త బిల్లు రాస్తూ, “పేరు?” అన్నాడు.

“కుసుమకుమారి. దిద్దుబాటు లేకుండా రాయండి.”

షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. మధులతను మరో సంచి గింజలు పంపమంది. రాళ్ళు వెచ్చచేసి, ఒక పొద్దున మొదలుపెట్టి, మర ఒత్తిడి మెల్లగా పెంచుకుంటూ, పంచదార పొడి వేసి, మర్నాటిదాకా తిప్పి, పళ్ళెంలో పోసి గట్టిపడనిచ్చింది. నాలిక మీద ఇసక లేదు. మధులత వచ్చి, ముక్క నోట్లో వేసుకుని, వెంటనే ఇంకోటి తుంచుకుంది. “మా తోటదేనా అక్కా ఇది?” అని అడిగింది.

చలమయ్య కాలనీలో ఏమని చెప్పుకుంటున్నాడో తెలుసా? “నానే మార్పించాను. సిన్నదైనా కాపర్ వైండింగు.” తవిటయ్య ఇంకా, “మరే,” అంటున్నాడు. ఒకరోజు ధైర్యం చేసి, “బావకి ఓ ముక్క అట్టిపెట్టవే,” అన్నాడు.

“అట్టిపెట్టినాను. వేయించని గింజలు. బరువుగానే ఉన్నాయి, తినమను.”

ఇలాంటి చలమయ్యలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. చెడ్డవాళ్ళేం కాదు. కానీ తమది కాని నడుము మీద బరువులు మోపడానికి వీళ్ళకున్న ఉత్సాహం చూస్తే ఒళ్ళు మండుతుంది. వీళ్ళ పక్కన “మరే” అంటూ నిలబడే మంచివాళ్ళను చూస్తే ఇంకా మండుతుంది. ఇది చదువుతున్న మగవాళ్ళకు ఒక మనవి. మీ వంటింటికి ఈసారి ఏ యంత్రం కొనబోయినా ఆవిణ్ణి ముందు నడవనివ్వండి, మీరు సంచి పట్టుకుని వెనక నడవండి. సేల్స్ కుర్రాడు మీతో మాట్లాడితే “ఆవిణ్ణి అడుగు” అనండి. ఆడవాళ్ళకు ఇంకో మనవి. కొట్లోనే ఎత్తి చూడండి, దింపి చూడండి, అడిగినదానికి జవాబు మీ ముఖం చూసి చెప్పేదాకా డబ్బు తియ్యకండి. పక్కన మరో ఆడమనిషి మాట్లాడకుండా నిలబడి ఉంటే ఆవిడ కూడా ఎత్తి చూసేలా చెయ్యండి. బిల్లు మీద మీ పేరు పడ్డాకే ఆ తలుపు దాటండి.